ఒక దరఖాస్తు పెండింగులో ఉండగా ఇన్వెస్టర్ వీసా: అమెరికా ఈబీ-5 అర్హతపై సమీక్ష

అమెరికాలో హెచ్-1బీ వీసాపై ఉద్యోగం చేస్తూ, కంపెనీ ద్వారా ఈబీ-2 లేదా ఈబీ-3 వర్గంలో గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టుకుని, ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న భారతీయుల్లో తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్నారు. ఆ నిరీక్షణను తప్పించుకునే మార్గంగా ఈబీ-5 అనే ఇన్వెస్టర్ వీసా వైపు చూసేవారికి మొదట ఎదురయ్యే సందేహాలు దాదాపు ఒకటే తీరుగా ఉంటాయి: పాత దరఖాస్తు తేలకముందే కొత్తది పెట్టవచ్చా, పెడితే పాతది చెడుతుందా, పాతది తిరస్కారానికి గురైతే కొత్తదాని గతి ఏమిటి? ఈ ప్రశ్నలకు చట్టంలో సమాధానం ఉంది. కానీ అది ఒకచోట లేదు. వీసా సంఖ్యలను పంచే నిబంధనలో కొంత, దేశంలోనే ఉండి గ్రీన్‌కార్డు పొందడానికి వర్తించే నిబంధనలో కొంత, తాత్కాలిక వీసాల నిబంధనల్లో మరికొంత చెదిరి ఉండటంతో, ఒక భాగాన్ని చదివి రెండో భాగాన్ని వదిలేసినవారు నష్టపోతున్నారు.

ఈబీ-5 వర్గాన్ని 1990 నాటి వలస చట్టం ఏర్పరచింది. నిర్ణీత మొత్తాన్ని అమెరికాలోని కొత్త వ్యాపార సంస్థలో నష్టభయానికి లోబడి పెట్టి, కనీసం 10 పూర్తికాలపు ఉద్యోగాలు కల్పించిన విదేశీయుడికి, అతని జీవిత భాగస్వామికి, 21 ఏళ్లలోపు అవివాహిత సంతానానికి శాశ్వత నివాసం ఇవ్వడం దీని సారాంశం. 1992లో వచ్చిన రీజనల్ సెంటర్ పద్ధతి వల్ల, పలువురి పెట్టుబడులను ఒక ప్రాజెక్టులోకి సమీకరించి, పరోక్షంగా ఏర్పడే ఉద్యోగాలను కూడా లెక్కలోకి తీసుకునే వీలు కలిగింది. నేడు అధికశాతం దరఖాస్తులు ఆ దారినే వస్తున్నాయి. 2021 జూన్ 30న ఆ పద్ధతి గడువు తీరి ఆగిపోగా, 2022 మార్చి 15న అమల్లోకి వచ్చిన ఈబీ-5 సంస్కరణల చట్టం దాన్ని పునరుద్ధరించి, కనీస పెట్టుబడిని 10.5 లక్షల డాలర్లుగా, గ్రామీణ ప్రాంతాల్లో, నిరుద్యోగం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో, ప్రభుత్వ మౌలిక వసతుల ప్రాజెక్టుల్లో 8 లక్షల డాలర్లుగా నిర్ణయించింది. ప్రస్తుత చర్చకు ఆధారమైన మార్పులు చాలావరకు ఈ చట్టంలోనివే.

ఇక్కడ రెండు అర్హతలను వేరుచేసి చూడవలసి ఉంటుంది. మొదటిది పిటిషన్ అర్హత. రీజనల్ సెంటర్ ద్వారా పెట్టుబడి పెట్టేవారు ఐ-526ఈ అనే ఫారంతో, సొంతంగా వ్యాపారం పెట్టేవారు ఐ-526 ఫారంతో దాఖలు చేసే పిటిషన్‌లో ప్రభుత్వం పరిశీలించేది ముఖ్యంగా మూడు విషయాలు: డబ్బు చట్టబద్ధంగా వచ్చిందా, అది నిజంగా వ్యాపారంలోకి వెళ్లిందా, ఉద్యోగాలు ఏర్పడతాయా. రెండోది నివాస హోదా అర్హత. పిటిషన్ ఆధారంగా గ్రీన్‌కార్డు పొందడానికి స్వదేశంలోని అమెరికా కాన్సులేట్ ద్వారా వెళ్లవచ్చు. లేదా అప్పటికే అమెరికాలో ఉన్నవారు ఐ-485 ఫారం దాఖలు చేసి, దేశం విడవకుండానే శాశ్వత నివాసులుగా మారవచ్చు. ఈ రెండో మార్గంలోనే దరఖాస్తుదారు గత చరిత్ర, ప్రస్తుత వీసా స్థితి, ఇతర దరఖాస్తులు లెక్కకు వస్తాయి.

పిటిషన్ అర్హత వరకైతే సమాధానం స్పష్టం: మరో వలస దరఖాస్తు పెండింగులో ఉండటం ఈబీ-5 పిటిషన్‌కు అడ్డంకి కాదు. కంపెనీ దాఖలు చేసిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొంది ఉన్నా, పరిశీలనలో ఉన్నా, అమెరికా పౌరులైన తోబుట్టువులు పెట్టిన కుటుంబ ఆధారిత పిటిషన్ ఎన్నో ఏళ్లుగా వరుసలో ఉన్నా, అదే వ్యక్తి తన పేరిట ఈబీ-5 పిటిషన్ వేయవచ్చు. ఒక పిటిషన్ మరొకదాన్ని రద్దు చేయదు, ఆలస్యం చేయదు. ఈబీ-5 తిరస్కారానికి గురైనా ఆమోదం పొందిన ఐ-140 అలాగే నిలుస్తుంది. దంపతుల్లో ఒకరు ఈబీ-2లో, మరొకరు ఈబీ-5లో ప్రధాన దరఖాస్తుదారుగా ఉండి, ఒకరి కేసులో మరొకరు ఆశ్రితులుగా చేరడానికీ చట్టం అభ్యంతరం చెప్పదు.

అయితే పాత నిరీక్షణకు కొత్త వర్గంలో విలువ లేదు. పిటిషన్ దాఖలైన రోజును, లేదా దానికి ముందు లేబర్ సర్టిఫికేషన్ అవసరమైన కేసుల్లో ఆ దరఖాస్తు దాఖలైన రోజును ప్రయారిటీ డేట్ అంటారు. వరుసలో స్థానాన్ని నిర్ణయించేది అదే. ఈబీ-1, ఈబీ-2, ఈబీ-3 వర్గాల మధ్య ఈ తేదీని ఒకదాని నుంచి మరొకదానికి తీసుకెళ్లవచ్చు గానీ ఈబీ-5లోకి తీసుకెళ్లడానికి వీల్లేదు. 2014లో ఈబీ-2 వరుసలో చేరిన ఇంజనీరు ఈ రోజు ఈబీ-5 పిటిషన్ వేస్తే, ఆ వర్గంలో అతని తేదీ ఈ రోజే అవుతుంది. పన్నులు కట్టి, చట్టాన్ని పాటించి దశాబ్దం పైగా వేచి ఉన్న వ్యక్తిని నిన్న మొన్న నిర్ణయం తీసుకున్న వ్యక్తితో సమానం చేసే ఈ నియమం న్యాయమైనది కాదు. ఒక దేశంలో పుట్టినవారికి ఏటా మొత్తం వీసాల్లో సాధారణంగా 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల భారతీయులపై పడే భారాన్ని ఇది మరింత పెంచుతుంది. ఏ ప్రయారిటీ డేట్ వరకు వీసాలు అందుతాయో నెలనెలా ప్రకటించే వీసా బులెటిన్లలో, 2025లో భారత ఈబీ-2 గడువు తేదీలు 2013 చుట్టూనే తిరిగాయి.

ఆ అన్యాయాన్ని కొంతవరకు సరిదిద్దింది 2022 చట్టంలోని రిజర్వుడ్ వాటా. ఏటా దాదాపు 10 వేలు ఉండే ఈబీ-5 వీసాల్లో 20 శాతం గ్రామీణ ప్రాజెక్టులకు, 10 శాతం నిరుద్యోగ ప్రాంతాలకు, 2 శాతం మౌలిక వసతులకు విడిగా కేటాయించారు. సాధారణ కోటాలో భారతీయులకు గడువు తేదీ ఏర్పడినా, ఈ మూడు రిజర్వుడ్ వర్గాలు 2025 బులెటిన్లలో అందుబాటులోనే ఉన్నాయి. వీసా అందుబాటులో ఉన్నంతకాలం పిటిషన్‌తో పాటే ఐ-485 కూడా దాఖలు చేయడానికి అదే చట్టం తొలిసారి అనుమతించింది. అంతకుముందు పిటిషన్ ఆమోదం పొందేదాకా, అంటే ఏళ్ల తరబడి, ఆగవలసి వచ్చేది. అమెరికాలో తాత్కాలిక వీసాపై ఉన్నవారికి ఈబీ-5 ఆకర్షణీయంగా మారడానికి అసలు కారణం ఈ ఏకకాల దాఖలు వెసులుబాటే.

ఇక్కడే హోదా ప్రశ్న తలెత్తుతుంది. ఐ-485 వేసేవారు సక్రమంగా తనిఖీ పొంది దేశంలో ప్రవేశించి ఉండాలి; ప్రవేశించాక వీసా షరతులకు లోబడి ఉండాలి. చివరి చట్టబద్ధ ప్రవేశం తరువాత హోదా లేకుండా గడిపిన కాలం, అనుమతి లేకుండా పనిచేసిన కాలం అన్నీ కలిపి 180 రోజులు మించనంతవరకు క్షమించే వెసులుబాటు ఒకటి ఈబీ-1, ఈబీ-2, ఈబీ-3 వర్గాలకు మునుపే ఉండగా, దాన్ని 2022 చట్టం ఈబీ-5కు కూడా వర్తింపజేసింది. ఆ పరిమితి దాటితే ఎంత పెట్టుబడి పెట్టినా అమెరికాలో ఉండి గ్రీన్‌కార్డు పొందే దారి మూసుకుపోతుంది.

ఎక్కువమంది పొరపాటు పడేది చట్టబద్ధ హోదాకు, అనుమతించిన నివాస కాలానికి తేడా తెలియకపోవడం వల్ల. హెచ్-1బీ, ఎఫ్-1, ఎల్-1 వంటి వీసా షరతుల ప్రకారం ఉండటం హోదా. ఏదైనా దరఖాస్తు సకాలంలో వేసి, దానిపై నిర్ణయం కోసం వేచి ఉండగా ప్రభుత్వం ఆ వ్యక్తి ఉనికిని అక్రమంగా పరిగణించకపోవడం అనుమతించిన నివాస కాలం. రెండో దానిలో ఉన్న వ్యక్తిని వెళ్లగొట్టకపోవచ్చు గానీ, అతనికి హోదా ఉన్నట్టు కాదు. ఉద్యోగం పోయిన హెచ్-1బీ ఉద్యోగి విషయంలో ఈ తేడా కళ్లకు కడుతుంది. నిబంధనల ప్రకారం అతనికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది, లేదా ప్రవేశ రికార్డు అయిన ఐ-94లోని గడువు అంతకంటే ముందే ముగిస్తే అంతవరకే ఉంటుంది. ఆ 60 రోజుల్లో హోదా కొనసాగుతున్నట్టే లెక్క కనుక, అప్పుడు ఐ-526ఈతో పాటు ఐ-485 వేస్తే హోదాలో ఉండి వేసినట్టే. అలా కాకుండా, కాస్త ఊపిరి పీల్చుకోవడానికి సందర్శక హోదాకు మార్పు కోరుతూ దరఖాస్తు పెట్టి, అది తేలేదాకా కాలం గడిపి, అప్పుడు ఈబీ-5 వైపు వస్తే చిక్కు మొదలవుతుంది. ఆ మార్పు మంజూరైతే పరవాలేదు; తిరస్కరిస్తే, 60 రోజుల గడువు ముగిసిన నాటి నుంచి గడిచిన రోజులన్నీ హోదా లేని కాలంగా మారి 180 రోజుల ఖాతాలో పడతాయి. డబ్బు సమకూర్చుకోవడానికి, పత్రాలు తెప్పించుకోవడానికి నెలలు పడుతుంది కాబట్టి, ఉద్యోగం పోయాక ఈబీ-5 ఆలోచన మొదలుపెట్టేవారికి 60 రోజులు దాదాపు ఎప్పుడూ చాలవు.

ఆశ్రయ దరఖాస్తుల సంగతి ఇంకా కఠినం. స్వదేశంలో వేధింపులకు గురవుతామన్న భయంతో కోరే ఆశ్రయం పెండింగులో ఉంటే, అనుమతి లేకుండా పనిచేయనంతవరకు అక్రమ ఉనికి పేరుకోదు; నిర్ణీత కాలం తరువాత పని అనుమతి కూడా వస్తుంది. కానీ ఆశ్రయ దరఖాస్తు హోదాను ఇవ్వదు. వీసా గడువు ముగిసి, ఆశ్రయం కోరి, రెండు మూడేళ్లుగా పని అనుమతితో జీవిస్తున్న వ్యక్తి ఈబీ-5 పిటిషన్ ఆమోదం పొందినా ఐ-485కు అర్హుడు కాకుండా పోతాడు. భారతదేశానికి వచ్చి కాన్సులేట్‌లో వీసా తీసుకుందామంటే, ఏ దేశంలో భయమని చెప్పాడో ఆ దేశానికే తిరిగి వెళ్లడం అతని మాటలను అనుమానించడానికి ఆస్కారమిస్తుంది. పైగా 180 రోజులకు మించి, ఏడాదికి తక్కువగా అక్రమ ఉనికి ఉన్నవారు దేశం విడిస్తే మూడేళ్ల నిషేధం, ఏడాది లేదా అంతకు మించితే పదేళ్ల నిషేధం వర్తిస్తాయి. ఉద్యోగం పోయినప్పుడు దేశంలో ఉండిపోవడానికి ఆశ్రయం కోరమనే సలహా ఇచ్చేవారు ఈ పర్యవసానాన్ని చెప్పడం లేదు. తరువాత రాబోయే మంచి అవకాశాన్ని కూడా పోగొట్టే సలహా అది.

ఇప్పటికే ఈబీ-2 లేదా ఈబీ-3 ఆధారంగా ఐ-485 పెండింగులో ఉన్నవారిది మరో కోవ. గడువు తేదీలు కొన్ని నెలలు ముందుకు జరిగి దాఖలుకు అవకాశం దొరికి, ఆ తరువాత వెనక్కి జరగడంతో ఇరుక్కుపోయినవారు వీరిలో ఎక్కువ. వీరికి రెండు మార్గాలున్నాయి. ఈబీ-5 ఆధారంగా వేరే ఐ-485 వేయడం ఒకటి. పెండింగులో ఉన్న ఐ-485 ఆధారాన్ని పాత పిటిషన్ నుంచి కొత్త పిటిషన్‌కు మార్చమని రాతపూర్వకంగా కోరడం రెండోది. ఆధారం మార్పు కోరేనాటికి కొత్త వర్గంలో వీసా అందుబాటులో ఉండాలి, పాత ఆధారంపై అర్హతలో ఎక్కడా అంతరాయం ఉండకూడదు, మార్పును ఆమోదించడం అధికారి విచక్షణ. ఐ-485 పెండింగులో ఉండగా వచ్చే పని అనుమతి పత్రం, విదేశీ ప్రయాణానికి ముందస్తు అనుమతి ఈ కుటుంబాలకు ఎంత ఊరటనిచ్చినా, వాటిని వాడటం మొదలుపెట్టి హెచ్-1బీని వదిలేయడం ప్రమాదకరం. ఐ-485 తిరస్కారానికి గురైన రోజున నిలబడటానికి కింద మరో హోదా ఉండదు. హెచ్-1బీ, ఎల్-1 వీసాలపై, వారి ఆశ్రితులుగా హెచ్-4, ఎల్-2 వీసాలపై ఉన్నవారు తప్ప మిగిలినవారు ముందస్తు అనుమతి లేకుండా దేశం దాటితే ఐ-485ను వదులుకున్నట్టే లెక్క.

విద్యార్థులకు, సందర్శకులకు ఎదురయ్యేది ఉద్దేశానికి సంబంధించిన సమస్య. హెచ్-1బీ, ఎల్-1 వీసాలున్నవారు తాత్కాలికంగా ఉంటూనే శాశ్వతంగా స్థిరపడాలని కోరుకోవడాన్ని చట్టం ఒప్పుకుంటుంది. ఎఫ్-1 విద్యార్థి, బీ-2 సందర్శకుడు మాత్రం స్వదేశానికి తిరిగి వెళ్తామని కాన్సులేట్ అధికారిని ఒప్పించాలి. హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌కు వచ్చే విద్యార్థి పేరిట ఈబీ-5 పిటిషన్ అప్పటికే ఉంటే, డీఎస్-160 ఫారంలో వలస పిటిషన్ గురించి అడిగే ప్రశ్నకు నిజం చెప్పక తప్పదు, చెప్పాక వీసా నిరాకరణకు అవకాశం ఎక్కువ. దాచితే తప్పుడు సమాచారమిచ్చిన నేరం కింద జీవితకాల నిషేధానికి దారితీయవచ్చు. అందువల్ల చదువు కోసం ఇంకా అమెరికాకు వెళ్లని పిల్లల పేరిట ముందే పిటిషన్ వేయడం తెలివైన పని కాదు. ఎఫ్-1పై ప్రవేశించి, చదువు సాగుతుండగా పరిస్థితులు మారి పిటిషన్, ఐ-485 కలిపి వేయడం వేరు సంగతి. అక్కడ కూడా ఐ-485 పెండింగులో ఉండగా ఎఫ్-1 స్టాంపింగ్ కోసం ఇంటికి వచ్చే ఆలోచన మానుకోవాలి.

ఇన్వెస్టర్ వీసా అనగానే కొందరు తక్కువ పెట్టుబడితో దొరికే ఈ-2ను తలుస్తారు. అది ఒప్పందం ఉన్న దేశాల పౌరులకే లభిస్తుంది. భారత్‌తో ఆ ఒప్పందం లేదు. గ్రెనడా వంటి దేశాల పౌరసత్వం కొనుక్కుని ఈ-2కు వెళ్లేవారు ఆ దేశంలో కనీసం మూడేళ్లు నివాసం ఉండాలని 2022 డిసెంబరులో అమెరికా చట్టం చేసింది. పైగా మరో దేశపు పౌరసత్వం తీసుకున్న క్షణాన భారత పౌరసత్వం పోతుంది. 2025 సెప్టెంబరులో ప్రకటించిన గోల్డ్ కార్డుకు చెల్లించేది పెట్టుబడి కాదు, తిరిగిరాని విరాళం; అందులో వాడేది ఈబీ-1, ఈబీ-2 వర్గాల వీసా సంఖ్యలే.

ఇక డబ్బు. పెండింగ్ దరఖాస్తులు అడ్డురాని వ్యక్తి కూడా తడబడే చోటు ఇదే. ఎనిమిది లక్షల డాలర్లలో ప్రతి భాగం ఎక్కడ పుట్టి, ఏయే ఖాతాల మీదుగా ప్రయాణించిందో పత్రాలతో చూపాలి. తల్లిదండ్రులు బహుమతిగా ఇస్తే వారి సంపాదన మూలం కూడా చూపాలి. భారత రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఒక నివాసి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్లకు మించి పంపలేడు. అమెరికాలో ఉండి ప్రవాస హోదా ఉన్న కొడుకుకు తండ్రి, తల్లి, సోదరుడు ఎవరి పరిమితిలో వారు బహుమతి పంపవచ్చు. కానీ భారత నివాసి అయిన దరఖాస్తుదారు తరఫున, ఆ పెట్టుబడిలో భాగస్వాములు కాని కుటుంబ సభ్యుల పరిమితులను కలిపి వాడటానికి నిబంధనలు ఒప్పుకోవు. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై 20 శాతం పన్ను ముందుగానే వసూలవుతుంది. అది తరువాత ఆదాయపు పన్నులో సర్దుబాటు అయినా, అప్పటికి ఆ మేరకు డబ్బు చేతిలో ఉండదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కుటుంబాల్లో ఈ డబ్బు చాలాసార్లు భూమి అమ్మకం నుంచి వస్తుంది. సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకులో జమ అయిన చెక్కు ఇవన్నీ ఒకే కథ చెప్పాలి. రిజిస్ట్రేషన్ విలువ కోటి రూపాయలు చూపి, మిగిలింది నగదుగా తీసుకున్న అమ్మకంలో ఆ నగదు ఈబీ-5కు పనికిరాదు; చట్టబద్ధ మూలం చూపలేని సొమ్ము అది. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఉండటంతో రిటర్నులు దాఖలు చేయని రైతులు, ముప్పై ఏళ్ల పంట డబ్బు నిజాయితీగా సంపాదించినదే అయినా, దానికి కాగితం చూపలేకపోతున్నారు. పహాణీలు, అడంగల్, మార్కెట్ యార్డు రసీదులు, ధాన్యం కొనుగోలు కేంద్రం చెల్లింపుల వివరాలు దాచుకున్నవారికి మాత్రం ఇది అసాధ్యం కాదు.

పిల్లల వయసు ఈ నిర్ణయాన్ని చాలా ఇళ్లలో తొందరపెడుతుంది. హెచ్-4పై పెరిగిన పిల్లలు 21 నిండగానే ఆశ్రితులుగా అర్హత కోల్పోతారు. తల్లిదండ్రుల ఈబీ-2 వరుస అప్పటికి రాదు. పిటిషన్ పెండింగులో ఉన్న రోజులను వయసులోంచి తీసివేసే రక్షణ చట్టంలో ఉంది కాబట్టి, వీసా అందుబాటులో ఉన్న రిజర్వుడ్ వర్గంలో పిటిషన్, ఐ-485 కలిపి వేస్తే 20 ఏళ్ల బిడ్డ వయసు దాదాపు అక్కడే ఆగుతుంది. గడువు తేదీ ఉన్న వర్గంలో వేస్తే ఆ రక్షణ బలహీనపడుతుంది. ఈ ఒక్క కారణంతో ఏ ప్రాజెక్టు ఎంచుకోవాలన్నది పెట్టుబడి లాభాన్ని బట్టి కాక వర్గాన్ని బట్టి నిర్ణయించుకునే కుటుంబాలున్నాయి. వారి ఆందోళన అర్థం చేసుకోదగినదే అయినా, ప్రాజెక్టు బలాన్ని పట్టించుకోకపోతే రెండు విధాలా నష్టపోతారు.

ఎందుకంటే ప్రాజెక్టు కూలితే పిటిషన్ ప్రమాదంలో పడుతుంది, పిటిషన్ పోతే దానిపై ఆధారపడిన ఐ-485 పోతుంది. వెర్మాంట్ రాష్ట్రంలోని జే పీక్ రిసార్టు ప్రాజెక్టుల్లో విదేశీ పెట్టుబడిదారుల నుంచి 35 కోట్ల డాలర్లకు పైగా సేకరించి, అందులో పెద్దమొత్తాన్ని దారి మళ్లించారని 2016 ఏప్రిల్‌లో అమెరికా సెక్యూరిటీల నియంత్రణ సంస్థ కేసు పెట్టింది. 2022 చట్టం ఇలాంటి సందర్భాల్లో నిర్దోషులైన పెట్టుబడిదారులు కొత్త ప్రాజెక్టుకు మారి ప్రయారిటీ డేట్ నిలుపుకునే వీలు కల్పించింది గానీ, పోయిన డబ్బు తిరిగి వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. నష్టభయం లేని పెట్టుబడికి అసలు ఈబీ-5 అర్హతే లేదు.

ఈబీ-5 వేసినవారు తమ ఆమోదిత ఐ-140ను, దానిపై ఆరేళ్లు దాటి పొడిగించుకునే హెచ్-1బీని, గ్రీన్‌కార్డు చేతికందేదాకా వదులుకోకూడదు. ఆ కార్డు కూడా మొదట రెండేళ్ల షరతులతోనే వస్తుంది. ఆ గడువు ముగియడానికి ముందు 90 రోజుల్లో ఐ-829 దాఖలు చేసి, పెట్టుబడి నిలిచిందని, ఉద్యోగాలు ఏర్పడ్డాయని చూపితేనే షరతులు తొలగుతాయి. రీజనల్ సెంటర్ పద్ధతికి ప్రస్తుత అనుమతి 2027 సెప్టెంబర్ 30 వరకే ఉన్నా, ఆ అనుమతి ముగిసినప్పటికీ పరిశీలన కొనసాగుతుందన్న రక్షణ 2026 సెప్టెంబర్ 30లోపు దాఖలైన పిటిషన్లకే దక్కుతుంది. 2027 జనవరి 1న కనీస పెట్టుబడి మొత్తం ద్రవ్యోల్బణాన్ని బట్టి పెరగాలని అదే చట్టం చెబుతోంది.